జెండా కాడ ఎవరున్నరు?

"ఫైనల్ ఇయర్ వాళ్లు తలా ఒకటి రాయాలి" అని సాహితీ క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, ఎప్పటిలాగే బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నా. నాకు కవిత్వం రాదు. కథ రాసేంత ఓపిక లేదు. ఈ నాలుగేళ్లలో నేను నిజంగా కష్టపడి నేర్చుకున్నది ఏదైనా ఉందా అని ఆలోచిస్తే, డేటా స్ట్రక్చర్స్ కంటే ముందు గుర్తొచ్చింది ల్యాబ్‌లో ఆడిన జెండా ఆట. అదే రాస్తున్నా. గేమ్స్ ఆడని వాళ్లు కూడా కొంచెం ఓపిక పట్టండి, చివర్లో ఒక బాకీ తీర్చాల్సి ఉంది.

మన ల్యాబ్ కంప్యూటర్ల సంగతి మీకు తెలిసిందే. గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ఇంటర్నెట్ ఉన్నా లేనట్టే. అలాంటి వాటి మీద కూడా ఆగకుండా నడిచే గేమ్ అసాల్ట్ క్యూబ్. 2006లో వచ్చింది, ఉచితం, సైజు చాలా చిన్నది. పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుని ల్యాన్‌లో ఆడుకోవచ్చు. ఫస్టియర్ రెండో సెమిస్టర్‌లో శనివారం సాయంత్రాలు, ల్యాబ్ సార్ చూసీ చూడనట్టు ఉన్న టైమ్‌లో మొదలుపెట్టాం. అందులో మాకు పిచ్చి పట్టించింది క్యాప్చర్ ద ఫ్లాగ్.

ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. రెండు టీములు, రెండు బేస్‌లు, బేస్‌కో జెండా. వాళ్ల బేస్‌కి పోయి జెండా ముట్టుకుంటే అది మన వెంట వస్తుంది. దాన్ని మన బేస్‌కి తెచ్చి మన జెండాకి తాకిస్తే ఒక పాయింట్. దారిలో చచ్చిపోతే జెండా అక్కడే పడిపోతుంది. పడిపోయిన జెండాని దాని సొంత టీమ్ వాడు ముట్టుకుంటే అది నేరుగా ఇంటికెళ్లిపోతుంది. అసలు మెలిక ఇంకోటి. పాయింట్ రావాలంటే మన జెండా మన బేస్‌లో ఉండాలి. మనం వాళ్ల జెండా తెచ్చేలోపు వాళ్లు మన జెండా ఎత్తుకుపోయి ఉంటే, బేస్‌లో ఎంతసేపు గెంతినా సున్నానే.

ఈ మెలిక పాతదే. 1996లో క్వేక్‌కి త్రీవేవ్ వాళ్లు మాడ్ చేసిన రోజుల నుంచీ ఉంది. 1999లో వచ్చిన అన్‌రియల్ టోర్నమెంట్‌లోనూ ఉంది. 2007 నాటి టీమ్ ఫోర్ట్రెస్ 2లో మాత్రం జెండా బదులు బ్రీఫ్‌కేస్ ఉంటుంది. మన బ్రీఫ్‌కేస్ పోయినా వాళ్లది తెచ్చి పాయింట్ కొట్టొచ్చు. అందుకే అక్కడ మీద పడి ఆడే వాళ్లకి లాభం. మన ఆటలో అలా కుదరదు. ఇది కబడ్డీకి దగ్గర. అవతలి కోర్టులోకి పోయి తాకడం సగం పనే, ఊపిరి ఉండగా గీత దాటి వెనక్కి రావడం మిగతా సగం. కబడ్డీలో లేని మూడో పని ఇక్కడ ఉంది. నువ్వు వచ్చేదాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.

మా టీమ్‌లో నలుగురం. హాస్టల్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవరు కదా, ఊరు పేరే పిలుపు. ఇల్లందు, మణుగూరు, పర్ణశాల, లోకల్. లోకల్ అంటే నేను. ఖమ్మంలో మున్నేరు పక్క కాలనీ మాది. డే స్కాలర్‌నే అయినా సగం రాత్రులు హాస్టల్లోనే ఉండేవాణ్ణి. గేమ్‌లో మైన్స్ అని ఒక మ్యాప్ ఉంది. ఆ పేరు చూడగానే "అరేయ్, ఇది మా ఊరే" అన్నాడు ఇల్లందు. సింగరేణి పుట్టిన ఊరు కదా, ఆ మాత్రం గర్వం ఉంటది.

మొదటి నెలంతా మా స్ట్రాటజీ ఒకటే, నలుగురం కలిసి ఉరకడం. సీనియర్స్‌తో మొదటి మ్యాచ్ 7–1తో పోయింది. ఆ ఒక్కటీ వాళ్లు జాలిపడి ఇచ్చిందే. మ్యాచ్ అయ్యాక ఎవడి గన్ మంచిది, ఎవడికి ఎయిమ్ లేదు అని కొట్టుకుంటున్నాం. పర్ణశాల అప్పటిదాకా నోరు విప్పలేదు. మెల్లగా అడిగిండు:

"మనం పోయినప్పుడు జెండా కాడ ఎవరున్నరు రా?"

ఎవరం మాట్లాడలేదు.

"సరే, నేనుంటలే," అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు లోపల హాయిగా అనిపించింది. ఎయిమ్ సరిగా లేనోడు వెనకాల ఉంటే మంచిదే అనుకున్నా. డిఫెండర్ అంటే క్రికెట్‌లో థర్డ్ మ్యాన్‌లో నిలబెట్టే పిల్లాడి లాంటోడని నా ఉద్దేశం. అది ఎంత తప్పో తెలియడానికి నాకు ఇంకో నెల పట్టింది.

తేడా మొదట చెవికి తెలిసింది. మేం ముగ్గురం హెడ్‌సెట్‌లో "వచ్చిండు వచ్చిండు! కొట్టు కొట్టు! అరేయ్ ఎక్కడ చచ్చినవ్ రా!" అని అరుస్తుంటే, వాడి మాట మాత్రం రేడియోలో వార్తల్లా వచ్చేది. "మొదటిది. ఒకరు. ఎడమ." రెండు సెకన్ల తర్వాత, "రెండోది." అంతే. మొదటిదేంది, రెండోదేంది అని ఒక రాత్రి మెస్ దగ్గర అడిగా. అప్పుడు చెప్పిండు.

వాడిది పర్ణశాల దగ్గర చిన్న ఊరు. దుమ్ముగూడెం మండలం. భద్రాచలం నుంచి చర్ల పోయే దిక్కు. ఒకపక్క గోదారి, ఇంకోపక్క అడవి, అడవి అవతల ఛత్తీస్‌గఢ్. ఫోన్ సిగ్నల్ ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. అందుకని ఫోన్ కలిసినప్పుడు ముందు అసలు మాట చెప్పేసి, కుశలం తర్వాత అడుగుతారు. వానాకాలం వస్తే అక్కడ అందరి నోటా మూడు అంకెలే. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నీళ్లు ఎంత ఉన్నాయి, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, పైన పేరూరు దగ్గర ఎంత. ఈ మూడు తెలిస్తే చాలు, ఎడ్లని ఎప్పుడు తోలాలో, బియ్యం మూట ఎప్పుడు ఎత్తాలో వాళ్లే లెక్క కట్టుకుంటారు.

2022 జూలై 16న గోదారి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు చూడలేదని పెద్దవాళ్లు చెప్పారట. అదే నెల 18 నుంచి మన ఎంసెట్ ఇంజినీరింగ్ పరీక్షలు. రోడ్లు మునగక ముందే వాళ్ల నాన్న, హాల్ టికెట్టూ సర్టిఫికెట్లూ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వీణ్ణి కొత్తగూడెంలో బంధువుల ఇంటికి పంపించేశాడు. ఆయన మాత్రం గొడ్లతో ఇంటి కాడే ఉండి, చివరికి పునరావాస కేంద్రానికి పోయాడు. "అందరం ఒకేసారి పోతే ఎట్ల రా, ఎవరో ఒకరు ఉండాలి కదా," అని నాన్న అన్న మాట చెప్పి, పర్ణశాల కంచం కడుక్కోవడానికి లేచిండు.

ఆ రాత్రి నుంచి మా టీమ్ భాష మారిపోయింది. శత్రువు మధ్య గీత దాటితే మొదటి హెచ్చరిక. మన బేస్‌లోకి దిగితే రెండోది. జెండా మీద చెయ్యి పడితే మూడోది. ఎవరైనా సరే చెప్పాల్సింది మూడే ముక్కలు. ఎన్నో హెచ్చరిక, ఎంతమంది, ఎటు నుంచి. తిట్లు, ఏడుపులు మ్యాచ్ అయ్యాక. మధ్యలో తిరిగే వాడి స్థానానికి పేరూరు అని పేరు పెట్టాం. నీళ్లు ముందు కనిపించేది అక్కడే కదా. ఇల్లందు మా పేరూరు. వాడి పని ఎక్కువమందిని చంపడం కాదు. ముందు చూడడం, ముందు చెప్పడం.

మిగతావి ఓడిపోతూ ఓడిపోతూ పట్టుకున్నాం. జూనియర్స్‌కి పనికొస్తాయని రాస్తున్నా.

ఒకటి. చచ్చినోడు ఎక్కడ పుడతాడో చూసుకోండి. ఈ ఆటలో చచ్చిన కొన్ని సెకన్లకి వాడు వాళ్ల వైపే మళ్లీ పుడతాడు. అంటే మన బేస్‌కి వచ్చినోణ్ణి మనం టక్కున చంపేస్తే, వాణ్ణి ఖర్చు లేకుండా వాళ్ల ఇంటికి పంపినట్టే. సరిగ్గా అప్పుడే మన వాడు వాళ్ల జెండాతో బయటికొస్తుంటే ఎదురుపడేది వాడే. అందుకే పర్ణశాల కొన్నిసార్లు కావాలని చంపకుండా, ఒక స్తంభం చుట్టూ తిప్పుతూ టైమ్ తినేవాడు. నేను జెండాతో వాళ్ల గుమ్మం దాటాక "దాటినా" అంటే, అప్పుడు కాల్చేవాడు. నెల రోజులు వాడికి ఎయిమ్ లేదనుకున్నా కదా, అందులో సగం ఇదే.

రెండు. జెండా పట్టుకున్నోడు కొట్లాడకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. తోడు వచ్చేవాడు వెనకాల కాదు, ముందు ఉరకాలి. వెనక నుంచి తరుముకొచ్చే వాళ్లకంటే ఎదురొచ్చే వాళ్లే ఎక్కువమందిని చంపుతారు.

మూడు. రెండు జెండాలూ బయట ఉంటే, మన దగ్గరున్న జెండానే మన ప్రాణం. వాళ్ల జెండా మన చేతిలో ఉన్నంతసేపు వాళ్లకీ పాయింట్ రాదు. అప్పుడు జెండా ఉన్నోడు మూలకి పోయి దాక్కోవాలి, మిగతా ముగ్గురూ మన జెండా కోసం పోవాలి. బేస్ మధ్యలో నిలబడి "ఎప్పుడొస్తుందా" అని చూడకూడదు.

నాలుగు. మాయలేడి. ఈ పేరు కూడా వాడు పెట్టిందే. వాళ్ల ఊరి కథే కదా. బంగారు లేడి కనిపించింది, రాముడు దాని వెంట పోయాడు. "హా లక్ష్మణా" అని కేక వినిపించింది, లక్ష్మణుడూ పోయాడు. ఇద్దరు డిఫెండర్లూ బయటే. రావణుడికి కావాల్సింది అదే. (సీతమ్మని జెండాతో పోలుస్తావా అని మా ఇంట్లో అమ్మ కేకలేసింది. పోల్చట్లేదమ్మా, కాపలా గురించే చెప్తున్నా.) ఎదుటివాళ్ల బేస్ మరీ ఖాళీగా కనిపించినా, ఒక్కడే వచ్చి ఊరికే కాల్చి పారిపోతున్నా, పర్ణశాల "మాయలేడి" అనేవాడు. ఇక వాడు కదిలేవాడు కాదు.

ఇలా ఆడీ ఆడీ, సెకండియర్‌లో, 2024 మార్చి టెక్ ఫెస్ట్‌లో ఫైనల్‌కి వచ్చాం. అవతల అదే సీనియర్స్. ల్యాబ్ కిటికీల దాకా జనం. పెద్ద స్క్రీన్ మీద ప్రొజెక్టర్. ఇంకా నిమిషంన్నర ఉందనగా 2–2.

అప్పుడే నేను చచ్చి మన బేస్‌లో పుట్టా. ముందున్న మణుగూరు అరిచాడు. "వాళ్ల బేస్‌లో ఎవ్వడు లేడు మామా! జెండా పట్టేసిన!" పర్ణశాల వెంటనే అన్నాడు, "ఎవ్వడు లేడంటే మాయలేడి. ఆ నలుగురు ఎటు పోయిన్రు?" ఇల్లందు పేరూరులో లేడు, వాడు కూడా ముందుకే పోయాడు. నాకు స్క్రీన్ మీద టైమ్ ఒక్కటే కనిపిస్తోంది. "నువ్వు పో రా, వాడికి తోడు కావాలి," అన్నా.

"జెండా కాడ ఎవరున్నరు?"

"నేనున్నా. పో."

వాడు పోయాడు. నేనున్నానని అన్నా కాబట్టే పోయాడు.

పది సెకన్లు కూడా కాలేదు, మణుగూరు మధ్యలో పడిపోయాడు. వాళ్ల జెండా నేల మీద, నాకు కనుచూపు మేరలో. పర్ణశాల ఇంకా అక్కడికి చేరలేదు. ఎత్తుకొస్తే గెలుపు, అదీ నా పేరు మీద. బయట జనం అరుస్తున్నారు. ఉరికా. జెండా ఎత్తా, తిరిగొచ్చా. బేస్‌లో మన జెండా లేదు. పక్క దారిలో కాచుకుని ఉన్న ఇద్దరు, నేను గుమ్మం దాటగానే లోపలికొచ్చి పట్టుకుపోయారు. అప్పుడైనా మూలకి పోయి దాక్కోవాలి. మూడో పాఠం నేనే అందరికీ చెప్పేవాణ్ణి. కానీ నేను జెండాతో బేస్ మధ్యలోనే నిలబడ్డా, మన జెండా ఎవరో ఒకరు తెస్తారని. వాళ్లలో ఒకడు వచ్చి నన్ను కాల్చి, వాళ్ల జెండా ముట్టుకుని ఇంటికి పంపించాడు. రెండోవాడు మన జెండాతో అప్పటికే వాళ్ల బేస్‌లో నిలబడి ఉన్నాడు. 3–2.

ప్రొజెక్టర్ మీద కనిపించింది ఖాళీ బేస్. జనం వెతికింది డిఫెండర్‌ని. "డిఫెండర్ గాడు ఎటు పోయిండు రా?" అన్నారు ఎవరో. "పర్ణశాల ఖాళీ చేసి పోయిండు!" అన్నారు ఇంకొకరు. గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వా. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పర్ణశాల నా వైపు ఒకసారి చూసి, హెడ్‌సెట్ వైరు నీట్‌గా చుట్టి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గొడవలేం కాలేదు. కలిసే తిన్నాం, కలిసే కాపీ కొట్టాం. కానీ శనివారం ల్యాబ్‌కి రమ్మంటే "రికార్డ్ రాయాలి రా" అనేవాడు. ఎన్ని రికార్డులుంటాయి ఎవరికైనా?

ఇక 2024 ఆగస్టు 31, శనివారం. నేనూ మణుగూరు హ్యాకథాన్ కోసం హైదరాబాద్‌లో ఉన్నాం. నాన్న లారీ మీద బయటికెళ్లాడు. ఖమ్మంలో ఇంటి దగ్గర అమ్మ, మోకాళ్ల నొప్పులతో లేవలేని నాయనమ్మ. రాత్రి పర్ణశాల హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టాడు. "పైన మహబూబాబాద్ దిక్కు ఆగకుండ కొడుతుంది. చూసినవా?" మున్నేరు అంతకు ముందు ఏడాది జూలైలో కూడా వచ్చింది, పోయింది. నేను బొటనవేలు గుర్తు పెట్టి పడుకున్నా.

తెల్లారకముందే ఫోన్.

"ఇంటి కాడ ఎవరున్నరు?"

నిద్ర మత్తులో కూడా ఆ ప్రశ్న గుర్తుపట్టా. "అమ్మ, నాయనమ్మ."

"సరే." పెట్టేశాడు.

ఆ తర్వాత అమ్మకి కలవదు, వాడికి కలవదు. పొద్దెక్కాక టీవీలో మున్నేరు, ప్రకాశ్ నగర్ బ్రిడ్జి, మునిగిన ఇళ్లు. బస్టాండ్‌కి ఉరికితే బస్సుల్లేవు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. నేనూ మణుగూరు ఒక బెంచీ మీద కూర్చున్నాం. నా జీవితంలో అంత పొడుగాటి రెస్పాన్ టైమ్ ఇంకోటి లేదు.

చివరికి ఫోన్ కలిసింది. అదే రేడియో గొంతు. "ఇద్దరూ పైనున్నరు. ఎదురింటోళ్ల మేడ మీద. నీళ్లు కిటికీ కాడికొచ్చినయ్, ఇంకా పెరుగుతున్నయ్. ఇక్కడ నేనున్న." కట్ అయింది. నాకు కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి.

తర్వాత అమ్మ చెప్పింది. చీకట్లోనే వచ్చి తలుపు కొట్టాడట. నీళ్లు ఇంకా రోడ్డు మీదికి కూడా రాలేదు, ఎందుకు నాయనా కంగారు అందట. "పైన బాగా పడ్డది అమ్మా, ఇక్కడికి రావడానికి ఎంతో సేపు పట్టదు," అని, నాయనమ్మని వీపు మీద ఎక్కించుకుని మేడ మెట్లెక్కాడట. మళ్లీ కిందికొచ్చి, అమ్మ వద్దంటున్నా వినకుండా, బీరువాలోంచి నా సర్టిఫికెట్ల ఫైల్ తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడట.

నేను ఇల్లు చేరేసరికి నీళ్లు తగ్గి బురద మిగిలింది. మోకాళ్ల దాకా ఒండ్రు. వాడు పారతో ఎత్తి పోస్తున్నాడు. నేనూ ఒక గంప అందుకున్నా. కాసేపటికి నోరు పెగల్చుకుని అన్నా: "ఫైనల్‌లో నేనున్నానని చెప్పి పోయిన రా. అందరి ముందు చెప్పాల్సింది. చెప్పలేదు."

వాడు పార ఆపలేదు. "జెండాదేముంది రా, మళ్లీ పెడతరు. ముందు ఆ బీరువా పట్టు, ఒక్కణ్ణి లేపలేను."

ఇద్దరం కలిసి బీరువా లేపాం. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ అందరి ముందు చెప్పాల్సిన మాట బురదలో ఇద్దరి మధ్య చెప్తే బాకీ తీరదు కదా. ఆ రోజు కిటికీల దగ్గర నిలబడి నవ్విన వాళ్లలో చాలామంది ఈ మ్యాగజైన్ చదువుతారు. అందుకే రాస్తున్నా. 2024 ఫెస్ట్ ఫైనల్‌లో బేస్ ఖాళీ చేసి పోయింది పర్ణశాల కాదు, నేను. వాణ్ణి ముందుకు పొమ్మన్నదీ నేనే.

జూనియర్స్‌కి ఒక్క మాట. ఈ ఏడాది మీ టీమ్‌లో కూడా ఎయిమ్ లేదని ఒకణ్ణి వెనక నిలబెడతారు. ముందు వాడికే మంచి హెడ్‌సెట్ ఇవ్వండి. "నేనున్నా" అని వాడికి చెప్తే మాత్రం ఉండండి.

పోయిన శనివారం పర్ణశాల రికార్డ్ పక్కన పెట్టి ల్యాబ్‌కి వచ్చాడు. ఈసారి జెండా కాడ నేనున్నా. వాడు ముందుకి పోయాడు. వాడికి నిజంగానే ఎయిమ్ లేదు.